రౌటర్ మెమరీ తిన్నదెవరు?

ఆ వయసులో నాకు తెలిసింది తక్కువ, ముఖంలో గాంభీర్యం ఎక్కువ. తర్వాత తర్వాత తెలిసింది కొంచెం పెరిగింది గానీ, ఆ గాంభీర్యం మళ్లీ ఎంత ప్రయత్నించినా రాలేదు. హైదరాబాద్‌లో మూడు నెలలు నెట్‌వర్కింగ్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుని నారాయణఖేడ్‌కు తిరిగొచ్చిన రోజులవి. బస్ డిపో దగ్గర ఒక మేడ మీద, ఊళ్లోని దుకాణాలకూ ఇళ్లకూ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసు ఉండేది. దాని యజమానిని ఊరంతా భాయ్ అనే పిలిచేది. ఇంటర్వ్యూలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "స్తంభం ఎక్కుతవా బేటా?" ఎక్కనన్నాను. "మరేం జేస్తవ్?" అన్నాడు. "రౌటర్ చూసుకుంటా భాయ్" అన్నాను. ఆయన సర్టిఫికెట్‌ను కిటికీ వెలుతురుకు పట్టి, నోటు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, ఉద్యోగం ఇచ్చాడు.

రౌటర్ అంటే బయటి నుంచి వచ్చే నెట్‌ను ఊరందరికీ పంచిపెట్టే పెట్టె. మా ఆఫీసులో అది ఒక మూల ఇనుప రాక్‌లో, దానికోసమే కొన్న టేబుల్ ఫ్యాన్ ఎదుట కూర్చుని ఉండేది. (మాకు ఫ్యాన్ లేదు.) నేను చేరిన పది రోజులకు ఆ పెట్టె మధ్యాహ్నం వేళ ఆగిపోవడం మొదలుపెట్టింది. మొదట రోజుకోసారి, తర్వాత రెండుసార్లు. ఆగినప్పుడల్లా నేను లాప్‌టాప్ ముందు కూర్చుని, నల్లటి తెర మీద ఏవేవో కొట్టి, కనుబొమలు ముడిచి, కాసేపు ఆలోచించి, లేచి వెళ్లి స్విచ్ ఆపి మళ్లీ వేసేవాణ్ణి. నెట్ వచ్చేది. వైద్యం మొత్తం ఆ స్విచ్‌లోనే ఉందని నాకు తెలుసు. అయినా కనుబొమలు ముడవకుండా స్విచ్ వేస్తే మూడు నెలల కోర్సుకు మర్యాద ఉండదనిపించేది. కిరాణా దుకాణాల వాళ్లు నాకు 'స్విచ్ సార్' అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది. ఎదురుగా మాత్రం సార్ అనే అనేవారు.

ఒక రోజు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అది అరగంటకోసారి ఆగసాగింది. నాలుగోసారి ఆగినప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కింద ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే సెంటర్ నడిపే అక్క పైకొచ్చింది. ఆమె వెనక కంగ్టి వైపు నుంచి వచ్చిన ఒక రైతు, ఆయన వెనక ఫైలు గుండెకు హత్తుకుని ఆయన కూతురు.

"ఏం తమ్మీ, గిదేంది?" అంది అక్క. "నర్సింగ్ సీటుకు ఇయ్యాల ఆఖరు తారీఖు. అయిదు గొట్టంగనే బందైతది. ఫోన్‌ల జేద్దామంటే ఫొటో ఎక్కుతలేదు."

రైతు నింపాదిగా చెప్పాడు. "నాలుగుసార్ల సంది గీ అక్క నింపుతుంది సారూ. నాలుగుసార్లు పోయింది. నేను పక్కనే కూసున్న, ప్రతిసారి నా పేరే అడుగుతుంది."

అప్పుడు మూడు దాటింది. స్విచ్‌తో పని జరగదని అర్థమైంది. ఎందుకంటే పెట్టె ఆగి లేచేసరికి ఫారం మొదటికొస్తుంది. ఇక చేసేది లేక, అన్నాళ్లూ తెర మీద కనిపిస్తున్నా చదవని ఎర్రర్‌ను ఆ రోజు మొదటిసారి చదివాను. మెమరీ చాలడం లేదని అందులో స్పష్టంగా రాసి ఉంది. అదే భాయ్‌కి చెప్పాను.

"మెమరీ తక్కువ పడ్డదా? రెండేండ్ల సంది మంచిగనే ఉండెగదా!"

"పాతబడ్డది భాయ్. కొత్త కార్డు వేయాలి."

(ఎందుకన్నానో తెలియదు. పాతబడిందంటే ఎవరూ కాదనరు.) ఆ మాట వినగానే భాయ్ పెట్టె అమ్మిన హైదరాబాద్ సేటుకు ఫోన్ కలిపి, వరండాలో నిలబడి ఉర్దూలో తిట్లు ప్రారంభించాడు. కార్డు తెల్లారి బస్సులో వస్తుందని తేలింది. సీటుకు గడువు అయిదింటికి.

అక్క నన్ను చూసింది. రైతు నన్ను చూశాడు. నేను కనుబొమలు ముడిచాను. అంతకు మించి నా దగ్గరేమీ లేదు. పెట్టెలో ఏ పని ఎంత మెమరీ తీసుకుంటుందో చూపే పట్టిక తెరిచి, పై నుంచి ఒక్కో వరుసా అనుమానంగా చూడసాగాను. ఆ అమ్మాయి ఎప్పుడొచ్చిందో, నా కుర్చీ వెనక నిలబడింది.

"సార్, గీ కింది వరుసల నంబర్ శానా పెద్దగుంది. మీదియన్ని కలిపినా గంత లేవు."

"అది లాగ్. అంటే జరిగిందంతా రాసిపెట్టుకునే చిట్టా. దానితో ఏం కాదు" అన్నాను.

"గంతగనం ఏం రాస్తుంది సార్?"

చెప్పబోతుండగా గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన వారంలోనే, తెర మీద అక్షరాలు గలగలా పరుగెత్తుతుంటే భాయ్‌కి నా మీద గురి కుదురుతుందని, పెట్టెలో చీమ కదిలినా రాసిపెట్టుకోమని ఆజ్ఞ ఇచ్చింది నేనే. అందుకోసం ఉన్న మెమరీలో సగానికి పైగా తీసి ఆ చిట్టాకు ఇచ్చిందీ నేనే. ఊరందరూ మిగిలిన ముక్కతో సర్దుకోవాల్సి వచ్చింది. జనం ఎక్కువైనప్పుడల్లా పెట్టె ఊపిరాడక పడిపోయేది. నేను లేచి స్విచ్ వేసి గౌరవం పొందేవాణ్ణి.

ఒక్క లైను కొట్టి చిట్టాను చిన్నది చేశాను. ఖాళీ మెమరీ ఒక్కసారిగా పెరిగింది.

"గది ఎవలు పెట్టిండ్రు సార్?" అంది అమ్మాయి.

"పెట్టెతో పాటే వస్తుంది" అన్నాను.

ఆమె తలూపింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు కిందికి పరుగెత్తారు. నేను కుర్చీలోంచి కదల్లేదు, తెర మీంచి చూపు తిప్పలేదు. పెట్టె ఆగలేదు. అయిదుకు పావుగంట ముందు రైతు రసీదు కాగితం పట్టుకుని మళ్లీ మెట్లెక్కి వచ్చి, "అయిపోయింది సారూ, ఈసారి నా పేరు ఒక్కసారే అడిగింది" అని చెప్పి వెళ్లాడు.

వరండాలో భాయ్ ఇంకా సేటును తిడుతూనే ఉన్నాడు. పాపం ఆ సేటు ఏం చెబుతున్నాడో గానీ, ఇటు నుంచి మాత్రం దగా, ధోకా అనే మాటలు వినిపిస్తున్నాయి. వినలేకపోయాను. దగ్గరికి వెళ్లి, "భాయ్, పెట్టె మంచిదే. అది నేను పెట్టిన లాగ్ వల్ల అయింది" అన్నాను.

భాయ్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు. చెయ్యి తీసి, గొంతు తగ్గించి ఇంకో రెండు నిమిషాలు తిట్టి, ఇంట్లో అందరూ బాగున్నారా అని ఖైరియత్ అడిగి పెట్టేశాడు.

"చెప్పిన గదా భాయ్, ఆయన తప్పు లేదని" అన్నాను.

"ఇన్న. నడిమిట్ల ఆపితే నా ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు. తర్వాత, "రేపటి సంది పెట్టెల ఏది మార్చినా ముందుగాల నాకు జెప్పు. నాకు సమజ్ గాదు. అయినా జెప్పు" అన్నాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆయన పాన్ నములుతూ చివరిదాకా విని, "అచ్ఛా, చెయ్" అనేవాడు. ఆశ్చర్యమేమిటంటే, ఆయనకు అర్థమయ్యేలా చెప్పబోయేసరికి సగంసార్లు ఆ మార్పు అక్కర్లేదని నాకే తెలిసిపోయేది.

ఇప్పుడు పెద్ద ఆఫీసులో, వరుసగా బీరువాల్లా నిలబడ్డ యంత్రాల మధ్య పనిచేస్తున్నాను. ఇక్కడ ఏది మార్చాలన్నా ఏం మారుస్తున్నారో, ఎందుకో ఒక ఫారంలో రాయాలి. తోటివాళ్లు విసుక్కుంటారు. నేను మాత్రం ప్రతి గడీ ఓపిగ్గా, ఏమీ తెలియని మనిషికి చెబుతున్నట్టు నింపుతాను. నింపుతూ నింపుతూ అప్పుడప్పుడు నవ్వుకుంటాను. ఏం చేయాలో తెలియక అంత శ్రద్ధగా కనుబొమలు ముడిచిన ఆ కుర్రాడి మీద ఎందుకో కోపం రాదు.