నవమికి ఖాళీ చెయ్యక్కర్లేని అర్ర

పోయిన నెల మా ల్యాబుకి కొత్తగా ఒక అమ్మాయి టెక్నీషియన్‌గా వచ్చింది. జూలూరుపాడు వాళ్ల ఊరు. మూడో రోజు మధ్యాహ్నం డబ్బా మూత తీసి, అన్నం ముట్టకుండా కూర్చుంది. ఏమైందని అడిగితే, "భద్రాచలంల కిరాయికి ఇల్లే దొరకదా అక్కా? ఏ ఇంటికి పోయినా ఎన్ని దినాలకు అని అడుగుతున్నరు. ఉద్యోగమమ్మా, ఏండ్లకేండ్లు ఉంటనంటే తలుపేసిండ్రు" అంది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్లకి అందులో నవ్వేందుకేముందో అర్థం కాలేదు. ఇల్లు దొరికేదాకా మా ఇంట్లోనే ఉండమని ఆ సాయంత్రమే సామాను తెప్పించాను. మధ్యాహ్నం మాత్రం మైక్రోస్కోపు మీద వంగి ఉన్నానే గానీ, మనసంతా పదిహేనేళ్లు వెనక్కి వెళ్లి ఈ ఊరి వీధుల్లో ఇల్లు వెతుక్కుంటూ తిరిగింది.

నేను మధిర నుంచి ఇక్కడి దవాఖానాకి ఉద్యోగంలో వచ్చినప్పుడు మా అమ్మాయి రెండో తరగతి. మా ఆయన అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లులో పని చేస్తూ ఆదివారాలు బస్సెక్కి వచ్చేవాడు. ఊళ్లో ఇళ్లు లేక కాదు. గుడి చుట్టుపక్కల ప్రతి ఇంటికీ ఒక గది ఎక్కువే ఉండేది. దానికి వీధివైపు తలుపు, లోపల ఒక మంచం, గోడకి రాములవారి క్యాలెండరు. కానీ ఆ గదులన్నీ యాత్రికుల కోసం కట్టినవి. ముక్కోటికొచ్చేవాళ్లు, నవమికొచ్చేవాళ్లు, కార్తీకంలో లాంచీలెక్కి పాపికొండలు చూడ్డానికొచ్చేవాళ్లు. పండగ నాలుగు రోజుల్లో ఇంటివాళ్లకి వచ్చేది మాలాంటివాళ్లు నాలుగు నెలలిచ్చినా రాదు. మేం రెండు పండగల మధ్య ఖాళీ నింపేవాళ్లం, అంతే. మొదట నాకు గది ఇచ్చిన రిటైర్డు మాస్టారూ వాళ్లావిడా చెడ్డవాళ్లేం కాదు. మా అమ్మాయికి రోజూ మజ్జిగిచ్చేవాళ్లు, లెక్కలు చెప్పేవాళ్లు. నవమి దగ్గరపడగానే అదే మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, "పది రోజులు అమ్మగారింటికి పోయి రా తల్లీ, నీ మంచం ఎటూ పోదు" అన్నారు. నిజమే, మంచం ఎటూ పోలేదు. దాని మీద ఏ ఊరివాళ్లో పడుకున్నారు.

చిక్కేమిటంటే, నవమి వచ్చిందంటే దవాఖానాలో మాకందరికీ సెలవులు రద్దు. ఊరు నన్ను పొమ్మనేదీ ఆ పది రోజులే, ఉద్యోగం కదలొద్దనేదీ ఆ పది రోజులే. పైగా బళ్లో పరీక్షలూ అప్పుడే. ఆ ఏడు అమ్మాయిని మధిర పంపేసి, గ్యాసు పొయ్యీ, గిన్నెలూ గోనెసంచిలో కట్టి ల్యాబు బల్ల కింద పెట్టుకుని, నర్సుల గదిలో ఒక మూల సర్దుకున్నాను. పిల్ల పరీక్షలు పోయాయి. చిన్న క్లాసు కాబట్టి పైకి పంపారు గానీ, "నా ఫ్రెండ్సందరూ రాశారు, నన్నెందుకు పంపావు?" అని అది చాలా రోజులు అడుగుతూనే ఉంది. తర్వాత ఏడాది శివరాత్రి దాటేసరికి నాకు గుబులు పట్టుకుంది. డ్యూటీ దిగగానే వీధులన్నీ తిరిగేదాన్ని. అందరిదీ ఒకటే మాట. ఒకావిడైతే గది చూపించకముందే, "మీ ఊరికి బస్సులు బాగనే ఉన్నయా?" అని అడిగింది.

అలాంటి రోజుల్లో ఒక ముసలమ్మ చక్కెర పరీక్షకని వచ్చింది. బురఖా ముసుగు వెనక్కి తోసుకుని, చెయ్యి చాపి, సూది వంక చూడకుండా నా మొహం వంక చూస్తూ కూర్చుంది. "ఏంది బేటీ, సూది నాకైతే ఏడుపు నీకొస్తున్నది?" అంది. అంతే, నా నోట కథంతా వచ్చేసింది. వెనక లైన్లో ఉన్నవాళ్లు గొణుగుతున్నా ఆమె లేవలేదు. అంతా విని, "నా ఇంట్ల ఒక అర్ర ఉంది. సామాను తీస్తే మనుషులు పడుతరు" అంది. మేం గది అనేదాన్ని ఆమె అర్ర అనేది. నేను ముందుగా కిరాయెంతో అడగలేదు. "నవమికి ఖాళీ చెయ్యాలా?" అని అడిగాను. ఆమె వింతగా చూసింది. "నవమికెందుకు? నవమికి నువ్వు అన్నం తినవా, పండుకోవా?"

ఇల్లు కరకట్ట పక్కన, పెంకులది. పోయిన భర్త ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. ఎవరెవరో ఇచ్చి మళ్లీ తీసుకెళ్లని బిందెలూ గుండిగలూ ఆ గదినిండా ఉండేవి. వాటిని వెనక దొడ్లోకి మోయడానికి మా ఆయనకి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. మేం ఆమెని ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్లం. జాకెట్లు కుట్టేది. మిషను తొక్కుతూ ఊరందరి కబుర్లూ చెప్పేది. కంటి చూపు తగ్గి, సూదిలో దారం ఎక్కించే పని మా అమ్మాయికి అప్పగించింది. వాన పడితే మూడు చోట్ల కారేది. ఏ చోట ఏ గిన్నె పెట్టాలో మాకు కంఠతా వచ్చు. ఒక ఏడు గోదారి మెట్లదాకా వచ్చి, అందరం మూటలతో బడి మేడెక్కి రెండు రోజులు కూర్చున్నాం. అయినా ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టినట్టు అంతకుముందు ఎక్కడా పట్టలేదు. నవమి ముందురోజుల్లో చుట్టుపక్కల ఇళ్లల్లో పరుపులు మారుతుంటే, మా అమ్మాయి మా గడపలో కూర్చుని దర్జాగా ఎక్కాలు వల్లెవేసేది.

ఖాలాకి పిల్లల్లేరు. ఆమె అన్న కొడుకు బజార్లో స్టీలు సామాన్ల కొట్టు నడిపేవాడు. మేనత్తని ఫుప్పీ అనేవాడు, ఆమె మంచిచెడ్డలు చూసేది అతనే. ఒకరోజు మేస్త్రిని వెంటబెట్టుకొచ్చి టేపుతో నా గది కొలిపించాడు. "ఫుప్పీ, ఒక్క ఏసీ పెడితే చాలు. పండగలకు రోజులెక్కన ఇయ్యొచ్చు. ఈ వయసుల మిషనెందుకు తొక్కుడు?" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. నేను లోపల చపాతీ పిండి కలపడం ఆపి వింటున్నాను. ఖాలా కాలు ఆడిస్తూనే, "అండ్ల మనుషులున్నరు గదరా. ఇంట్ల ఉన్నోళ్లను వెళ్లగొట్టి చుట్టాల కోసం చూస్తరా ఎవరైనా?" అంది. మేస్త్రి టేపు చుట్టేసుకున్నాడు.

ఇక చెప్పవలసింది ఆ తర్వాతి నవమి. ఎండలు మండిపోతున్నాయి. వడదెబ్బ తగిలిన యాత్రికులతో వార్డులు నిండాయి. అడవి లోపలి ఊరి నుంచి ఒక అత్త, నిండు చూలాలైన కోడల్ని ఆటోలో తీసుకొచ్చింది. రక్తం నేనే తీశాను. ఎర్రగా ఉండాల్సింది, రక్తహీనతతో పల్చగా వచ్చింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, పురుడు రావడానికి వారం పట్టొచ్చనీ, ఊరికి పోతే మాత్రం కష్టమనీ, దవాఖానా దగ్గర్లోనే ఉండాలనీ చెప్పింది. ఎక్కడుంటారు? ఆ వారంలో ఈ ఊళ్లో గది అడగాలంటే మాకే ధైర్యం చాలదు. సాయంత్రం నేను ఇంటికి బయలుదేరేసరికి ఇద్దరూ గేటు పక్కన గోడ నీడలో దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. ఆ పిల్ల నన్ను గుర్తుపట్టి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి వచ్చేశాను. మర్నాడు మా అమ్మాయికి లెక్కల పరీక్ష.

టీ తాగుతూ ఈ సంగతి ఖాలాకి కబురులాగే చెప్పాను. ఆమె కప్పు కింద పెట్టింది. "మరిప్పుడు యాడున్నరు వాళ్లు?" గేటు దగ్గరన్నాను. ఆమె ఇంట్లోకి ఒకసారి చూసింది. నా గది అడుగుతుందేమోనని భయపడ్డాను. అడిగితే ఏం చెప్పాలో మనసులో మాటలు పేర్చుకున్నాను కూడా. పిల్ల పరీక్షలన్నాను, మీరిచ్చిన మాటన్నాను, అన్నీ లోపల్లోపలే. చూస్తుండగా ఖాలా లేచి, కుట్టుమిషనుని నేలమీద జరుపుకుంటూ తన గదిలోంచి వసారాలోకి తేవడం మొదలుపెట్టింది. ఇదేంటని అడిగితే, "నా అర్ర ఇస్తున్న. నేనీడ పండుకుంట" అంది. అంత ఎండల్లో, ఆ వయసులో, వసారా రేకుల కింద! "నీ అర్ర జోలికి రాను బేటీ, మాటిచ్చిన గద" అంది. కోపంగా కాదు, నాకు ధైర్యం చెబుతున్నట్టు. ఆమె తిట్టినా నేనంత సిగ్గుపడి ఉండేదాన్ని కాదు. మిషను ఇంకో కొస పట్టుకున్నాను. దాన్ని వసారాలోకి కాదు, నా గదిలోకే జరిపించాను. ఖాలా మంచం కూడా వెనకే వచ్చింది.

నేనే వెళ్లి వాళ్లని తీసుకొచ్చాను. ఆ అత్త గడప బయటే ఆగిపోయి, కోడలికి వాళ్ల భాషలో ఏదో చెప్పి, నావైపు తిరిగి, "ఎన్ని దినాలు ఉండనిస్తరమ్మా?" అని అడిగింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు, గది కోసం వీధులు తిరిగిన రోజుల్లో నాదీ అదే. నేను ఆమె చేతిలో మూట అందుకున్నాను. లోపల్నుంచి ఖాలాయే అంది: "బిడ్డ రానియ్యి ముందు. ఆ బిడ్డను అడుగుదాం, ఎప్పుడు పోతదో." అత్త ముసిముసిగా నవ్వి లోపలికి వచ్చింది.

రెండు వారాలకి పైగా ఖాలా, అమ్మాయి, నేను ఒకే గదిలో ఉన్నాం. ఖాలా గురక గురించి మా అమ్మాయి ఇప్పటికీ కథలు చెబుతుంది. కానీ ఆ ఏడు పరీక్షలన్నీ రాసింది. కల్యాణం అయిన రెండో రోజు పొద్దున ఆ కోడలు పిల్లకి నొప్పులొచ్చాయి. నడిపించుకుంటూనే దవాఖానాకి చేర్చాం. నా రక్తం ఆమెకి సరిపోతే ఒక సీసా ఇచ్చాను. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. బాలింతని పదిరోజులు ఉంచుకుని గానీ ఖాలా పంపలేదు. వానలు తగ్గాక అత్త అడ్డాకుల కట్టా, సీసాడు తేనె మోసుకొచ్చింది. ఆ తర్వాత ఏ నవమికీ, ఏ వరదకీ ఖాలా గది ఒట్టిగా లేదు. ఏజెన్సీ ఊళ్ల నుంచి ఎవరో ఒక చూలాలు ఉంటూనే ఉంది. దవాఖానాలో నర్సులు కూడా, "ఖాలా ఇంట్ల జాగున్నదా?" అని నన్నే అడిగేవాళ్లు.

ఖాలా పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కాగానే నేను పెట్టెలు సర్దడం మొదలుపెట్టాను. ఆమె మేనల్లుడు గుమ్మంలో నిలబడి చూసి, "యాడికి అక్కా? ఫుప్పీ ముందే చెప్పి పోయింది. నువ్వు పోతనన్నదాక నిన్ను పొమ్మనొద్దన్నది" అన్నాడు. పెంకులు దింపి స్లాబేసి, పైన రెండంతస్తులు లాడ్జి చేసుకున్నాడు, కింద మమ్మల్ని ఉంచాడు. మాకంటూ ఊరి చివర ఇల్లు కట్టుకుని కదిలేసరికి ఆ గడపలో పదకొండేళ్లు గడిచాయి. ఈ ఊళ్లో అందరూ ఏడాదిని పండగ నుంచి పండగకి లెక్కవేస్తారు. నాకు మాత్రం తారీకు గుర్తులేని మామూలు రోజులే ఎక్కువ మిగిలాయి. వెనక్కి తిరిగి చూస్తే బతుకంతా వాటిల్లోనే గడిచినట్టుంది.