జర్మనీకి బొట్టు పెట్టిన విస్తర్లు

మన అడ్డాకు విస్తరిని జర్మనీ దేశం చేత ఒప్పించింది నేనే. ఎలాగో చెబుతాను, ఆ దారిన వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది.

భద్రాచలం దాటాక అడవి అంచు పల్లెలో ముత్తమ్మ జట్టు ఆడవాళ్ళు అడ్డాకులు కుట్టి, మిషన్లో ఒత్తి ప్లేట్లు చేస్తారు. బొగ్గుబాయిలో ఫిట్టరుగా రిటైరయ్యాక ఆ మిషన్ రిపేర్లు నావే. ఒక జర్మనీ వ్యాపారి ప్లేట్లు అడిగాడు. అయితే తమ దేశం గుర్తించిన ల్యాబులో ఈ వారమే నమూనా ఇవ్వాలన్నాడు. ఇస్తే జట్టుకు ఏడాదంతా పని, లేదంటే ఆర్డరు ఇంకొకరికి.

తెల్లవారుజామున బయల్దేరే ముందు నమూనా కట్ట విప్పించి, ప్రతి ప్లేటుకూ పసుపు, కుంకుమ పెట్టించాను. నేను చర్చికి పోయేవాణ్ణే. కానీ బాయిలో కొత్త మిషన్ దిగితే బొట్టు పెట్టనిదే స్విచ్ వేసేవాళ్ళం కాదు. ఆ అలవాటు నన్ను వదల్లేదు.

ఆరుకల్లా నేనూ ముత్తమ్మా బస్సులో కొత్తగూడెం చేరాం. అక్కడి స్టేషను పేరు భద్రాచలం రోడ్. ఆ బోర్డు చూసి గుడి పక్కనే దిగామనుకోకండి, ఇంకా గంటకు పైనే బస్సు ప్రయాణం ఉంటుంది. హైదరాబాదు రైలు జనరల్ పెట్టెలో కిటికీ సీటు కావాలంటే ముందే ఎక్కి కూర్చోండి.

కారేపల్లిలో ఎక్కిన రైతు ఒకాయన మా కట్ట చూసి నవ్వాడు. "విస్తరాకుకు గూడ పరీక్షనా? మనం తిని బతుకుతలేమా?"

"మనకు తెలుసే అన్నా, వాళ్ళకెట్ల తెలుస్తది?" అంది ముత్తమ్మ. "గీ ల్యాబు కాయితం ఆడ చెల్లుతదట. ఈడ ఒక్కపాలి చూస్తే ఆడ మల్ల చూడరు. లేకుంటే మన సరుకు ఓడరేవుల పడి ఉంటది."

వరంగల్ దాటాక పులిహోర విప్పాం. "ఇంకో కట్ట తెచ్చినవు గద, తియ్యి. అందరికీ ప్లేట్లల్ల పెడదాం, పెట్టె పెట్టెంత చూస్తది" అన్నాను.

"ఇంటికాడ మర్చిన తాతా," అంది. పులిహోర న్యూస్‌పేపర్లోనే తిన్నాం.

రెండింటికి హైదరాబాదు ల్యాబులో ఉన్నాం. కౌంటరు దగ్గరి అమ్మాయి కట్ట విప్పి ఆగిపోయింది.

"ఈ రంగేంటండీ?"

"శుభమమ్మా."

"వేడినీళ్ళ పరీక్షలో ఈ శుభం దిగుతుంది పెద్దాయనా. ప్లేటు రంగు వదిలిందని రాస్తాం. మా రాత అక్కడ చెల్లేది మేం చూసిందే రాస్తాం కాబట్టే."

ముత్తమ్మ ముందుకొచ్చింది. సంచిలోంచి ఒక పాత చీర తీసి మడతలు విప్పింది. లోపల ఇంకో కట్ట! అదే రోజు ఒత్తినవి, కట్టకు కట్టిన తేదీ చీటీ కూడా అదే, ముడి కూడా విప్పలేదు. అమ్మాయి చీటీ సరిచూసుకుని, సీలు వేసి, రసీదిచ్చింది. బయటికొచ్చి ఇద్దరం రెండేసి చాయిలు తాగాం.

మొదట్లో చెప్పిన మాట కొంచెం సాగదీశాను. జర్మనీ ఇంకా ఏమీ ఒప్పుకోలేదు, ల్యాబు నమూనా తీసుకుంది, అంతే. అయినా సాయంత్రం రైల్లో నా సంతోషం పెట్టెలో పట్టలేదు. బొట్టు ప్లేట్లలో పక్కవాళ్ళందరికీ మిర్చిబజ్జీలు పంచుతూ, "గిట్లయితదని నాకు ముందే తెలుసు. అందుకే ఒక కట్ట పక్కన పెట్టించిన" అన్నాను.

ముత్తమ్మ బజ్జీ నమలడం ఆపింది.

"నువ్వేడ పెట్టించినవ్ తాతా? నీ కంట పడితే కారేపల్లిలనే పంచిపెడుదువని నేనే చీరల చుట్టి దాచిన."