కోసేసిన నాలుగు నిమిషాలు

మా పెద్దమ్మది పెద్ద గొంతు. ఖరగ్‌పూర్ రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వీధి మొదట్లో నిలబడినా, ఆవిడ వంటింట్లో ఏ కూర దించిందో తెలిసిపోయేది. పెదనాన్న రైల్వే వర్క్‌షాపులో ఇనప రేకులు సాగగొట్టే చోట ముప్పై ఏళ్లు పనిచేశాడు. రిటైరయ్యేనాటికి చెవులు రెండూ దాదాపు పోయాయి. ఆయనకు వినబడాలని అరిచి అరిచి ఆవిడ గొంతు ఆ ఎత్తులోనే నిలిచిపోయింది. ఆయన పోయాక కూడా తగ్గలేదు.

నేను కలకత్తాలో కొన్నేళ్లు ప్రకటనలు తీశాక, నా మొదటి సినిమా ఆవిడ ఉండే ఇంట్లోనే తీయాలనుకున్నాను. ఒంటరిగా ఉండే ముసలామె కథ. రోజూ రెండు కంచాలు పెడుతుంది, ఎవరూ లేని గదితో మాట్లాడుతుంది. ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారా, లేక అంతా ఆమె మనసులోనే ఉందా అన్నది చూసేవాళ్లకు అంతుపట్టకూడదు. దయ్యం ఎక్కడా కనబడని దయ్యం సినిమా. ఆ ముసలామె వేషం పెద్దమ్మనే వేయమన్నాను.

“నాకేటి యాక్టింగ్ వొస్తాదే? నలుగురూ నవ్విపోతారు,” అంది.

“నువ్వు రోజూ చేసేదే చెయ్యి పెద్దమ్మా. మిగతాది నేను చూసుకుంటాను.”

మూడో రోజు గుమ్మంలో కూర్చుని తోటకూర బాగు చేసే సీను తీశాం. పక్కింటామె వేషం వేసిన అమ్మాయి, “ఎందుకలా అరుస్తావు?” అని అడగాలి. దానికి నేను రాసిన జవాబు ఒక్క ముక్క. పెద్దమ్మ ఆ ముక్క పక్కన పెట్టి, తన సొంత మాట ఎత్తుకుంది.

“మా ఇంటాయనకి సెవులు పోనాయి కదమ్మా. అన్నానికి పిలవాలంటే ఈదంతా పిలవాల్సిందే. ఆయన సచ్చిపోయినాడని నాకు తెల్దేటి? తెల్సు. ఈ నోటికే తెల్దు. కంచం ఎట్టగానే అరిసేస్తాది!”

అని నవ్వడం మొదలుపెట్టి, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. కెమెరా ఆపలేదు. నాలుగు నిమిషాలు, ఒకే షాటు. అయ్యాక అందరం చప్పట్లు కొట్టాం. సాయంత్రం సామాను సర్దుతుంటే నా పక్కకొచ్చి, “అది ఉంచుతావు కదే?” అని అడిగింది.

“అదే మన సినిమాకి ప్రాణం పెద్దమ్మా,” అన్నాను. అబద్ధమాడలేదు. అప్పటికి అదే అనుకున్నాను.

ఎడిటింగ్ చేసినవాడు కలకత్తా స్నేహితుడు. పనిలో మంచి నేర్పరి. సినిమా మొత్తం కూర్చాక ఆ సీను దగ్గర ఆపాడు. “దీదీ, ఇది తీసేద్దాం. ఆమె ఎందుకు అరుస్తుందో తెలిసిపోతే ఇంక భయపడటానికి ఏముంది?” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సరే, ఒకసారి తీసి చూద్దామన్నాడు.

తీసి చూశాం. రెండు కంచాలు పెట్టి, చీకటి గది వైపు తిరిగి, “అన్నం ఎట్టినాను, రా!” అని పెద్దమ్మ కేక వేసింది. ఆ కేక చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్ని, నాకే ఒళ్లు జలదరించింది. నాలుగు నిమిషాలు పోగానే మనిషి మారిపోయింది. ఆవిడ మీద జాలిపడాల్సిన చోట ఆవిడంటే భయమేసింది. సినిమాకి అదే కావాలి. “ఉంచు, ఇలాగే ఉంచు,” అన్నాను. పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పాలని తోచింది. చెయ్యలేదు.

ఊరి పక్కనే హిజ్లీలో ఐఐటీ విద్యార్థులు ఒక ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ హాల్లో ప్రదర్శన పెట్టారు. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో నా పక్కన కూర్చుంది. కేక దగ్గర హాలంతా అరిచింది. ఒకమ్మాయి మొహం కప్పేసుకుంది. పెద్దమ్మ వెనక్కి తిరిగి వాళ్లందరినీ చూసింది. ఆ తర్వాత తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. తన సీను కోసం ఎదురుచూస్తోందని నాకు తెలుసు.

బ్యాటరీ రిక్షా టోటోలో ఇంటికి వస్తుంటే అడిగింది. “తోటకూర సీను రాలేదేటి?”

“కథకి అడ్డొచ్చింది పెద్దమ్మా.”

“మీ పెదనాన్న మాటేనా అడ్డొచ్చింది?” అంది. నేను జవాబు చెప్పేలోగా ఖరిదా బజారు దగ్గర టోటో ఆపించి అరటిపళ్లు కొంది.

సినిమా నెట్‌లోకి వచ్చింది. వీధిలో అందరూ ఫోన్లలో చూశారు. రెండిళ్ల అవతల ఒక కొత్త కోడలు ఉండేది. పెద్దమ్మ కూర గిన్నె పట్టుకెళ్తే వెంటనే తలుపు తీసే పిల్ల, ఇప్పుడు కిటికీలోంచే, “వొద్దు పెద్దమ్మా, ఒండేసినాను,” అనడం మొదలుపెట్టింది. ఆ సంగతి నాకు మా అమ్మ చెప్పింది. నేను గమనించింది వేరే. ఫోన్లో పెద్దమ్మ మాట సరిగా వినబడటం లేదు.

“సిగ్నల్ లేదా పెద్దమ్మా?”

“ఉన్నాది. నానే మెల్లగా మాటాడతన్నాను. అలవాటు సేసుకుంటన్నాను.”

ఆ వారమే కూర్చుని ఆ సీను తిరిగి అతికించాను. ఎడిటర్ చెప్పింది నిజమే, భయం తగ్గింది. కానీ చివర్లో ఆవిడ ఒక్కతే రెండో కంచం కడుగుతుంటే చూడలేకపోయాను. మొదటి రూపంలో నాకు అక్కడ ఏమీ అనిపించలేదు. నెట్‌లో పాతది తీసేసి కొత్తది పెట్టాను. పాతదే బాగుందని చాలామంది రాశారు. అది చూసినంతమంది ఇది చూడనేలేదు.

ల్యాప్‌టాప్ పట్టుకుని ఖరగ్‌పూర్ వెళ్లాను. కొత్త కోడల్ని కూడా పిలిచి చూపించాను. ఆ పిల్ల ఏడ్చి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, “నానేటో అనుకున్నాను, ఏటనుకోకు,” అంది. ఇప్పుడు ఆ ఇద్దరూ బాగానే ఉన్నారు. పెద్దమ్మ కూడా సీను చూసి, “బాగున్నాదే,” అంది. ఆ మాటా మెల్లగానే అంది.

కిందటేడు ఇంకో సినిమా రాసుకున్నాను. అందులోనూ ఒక పెద్దావిడ ఉంది. పెద్దమ్మను అడిగాను. నా తల నిమిరి, “ఈపాలి ఇంకొకల్ని ఎతుక్కోయే,” అంది. బతిమాలడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ వేషానికి కలకత్తా నుంచి ఒక నటిని తెచ్చుకున్నాను. ఆవిడ చాలా బాగా చేసింది.