అమ్మ వజ్రాలకు పోయిన రోజు

వాన పడి నేల వాసన వస్తే ఇప్పటికీ నా కళ్లు కిందికే వాలతాయి. మాది వజ్రకరూరు పక్క పల్లె. నా చిన్నప్పుడు తొలకరి పడితే చాలు, మూడు జిల్లాల జనం మా చేన్లలో నడుములు వంచి వజ్రాలు వెతికేవారు. ఆ వంగిన వీపుల మీద పరుపు పరుచుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దొర్లుకుంటూ పోవచ్చు!

ఒక ఏడు వానలు పడ్డాయి గానీ, అంతకుముందు ఏడంతా కరువు. ఇంట్లో ఎనిమిది మందికి సంగటి ఉంది గానీ, దాంట్లోకి పప్పూ లేదు, కూరా లేదు. రెండో వాన పడిన వారానికి అమ్మ కూడా చేనికి పోయి, అందరికంటే ఎక్కువ వంగింది. సాయంత్రం ఒడి కట్టుకుని వస్తుంటే పక్కింటి నాగమ్మ అడిగింది.

"ఏమక్కా, ఏమన్నా దొరికిందా?"

"దొరికింది లే నాగమ్మా. ఒడి నిండా ఉండాది."

అమ్మకు ఎదురెళ్లిన నేను ఆ మాట విన్నాను. ఇల్లు చేరేలోగా మనసులో రెండు సైకిళ్లు, ఒక ఏనుగు కొనేశాను.

వంటింట్లో అమ్మ ఒడి విప్పింది. చాట నిండా గురుగాకు, చేన్లో దానంతట అదే మొలిచే కూరాకు! పొలిమేర దాకా వినబడేట్టు ఏడ్చాను.

"ఒక్క వజ్రమన్నా కనపడలేదామ్మా?"

"యాడ చూసేదిరా? నేను ఆకు ఏరుకుంటాంటి."

ఆ రాత్రి ఎనిమిది మందిమీ కడుపు నిండా తిన్నాం. ఒట్టి చేతులతో తిరిగొచ్చిన నాగమ్మ కూడా గిన్నె పట్టుకుని వచ్చింది. అమ్మ కాళ్ల కింద ఎన్ని వజ్రాలు పోయాయో నాకు తెలియదు గానీ, ఆ చేన్లో ఆమె వదిలేసిన ఆకు మాత్రం ఒక్కటీ లేదు.