టేకు పలకల మీద జానెడు పట్టీ

రిటైరు కావడానికి నాలుగేళ్ళ ముందు, ఒక జూన్ మొదటి వారంలో, ఖమ్మం నుంచి భద్రాచలానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ అయ్యాను. చేరిన రోజునే నా బల్ల మీదికి వచ్చిన ఫైలు పర్ణశాల దారిలో కడుతున్న ప్రభుత్వ అతిథి గృహానిది. గోడలు, కప్పు అన్నీ అయిపోయాయి. మిగిలింది సమావేశ మందిరం లోపలి గోడలకు టేకు వెనీర్ పలకలు బిగించి, మొహం కనిపించేంత మెరుపుగా పాలిష్ పెట్టడం. చూడడానికి సోకుపనిలా ఉంటుంది గానీ, స్లాబు పోయించిన రోజు కన్నా ఇక్కడే నాకు ఎక్కువ చెమటలు పట్టాయి.

టేకు దుంగను గోరుకన్నా పలచని పొరలుగా కోసి ప్లైవుడ్ మీద అతికిస్తే అది వెనీర్ పలక. ఒకే దుంగ నుంచి వచ్చిన పొరలకు వరస ఉంటుంది కనుక అంచున సుద్దతో నంబర్లు వేసి పంపుతారు. ఆ వరసలోనే బిగిస్తే చెక్కలోని చారలు ఒక పలక నుంచి పక్క పలకలోకి సాగిపోతాయి. వరస తప్పితే గోడంతా అతుకుల బొంత. మాకు వచ్చినవి నలభై పలకలు.

పాలిష్‌కు ఖమ్మం నుంచి యాకూబ్ మేస్త్రి వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. తండ్రిదీ తాతదీ ఇదే పని. గాలిలో తడి ఉంటే పాలిష్ తెల్లబారుతుందని, వాన పడే రోజు డబ్బా మూత తీసేవాడు కాదు. ఈ నిదానం కాంట్రాక్టరుకు బొత్తిగా గిట్టేది కాదు.

ప్రారంభోత్సవం పద్దెనిమిది రోజులుందనగా ఇంకా గోడకు బిగించని రెండు పలకలకు మేస్త్రి మొదటి పూత వేశాడు. పూత పడగానే ఒక అంచున జానెడు వెడల్పున బంగారు రంగు పట్టీ తేలింది. మిగతాదంతా పచ్చి గోధుమ రంగు. మధ్యలో గీత గీసినట్టు తేడా. తక్కిన పలకలను తడిగుడ్డతో తుడిచి చూస్తే వాటిలోనూ అంతే.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే నా పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఈఈ గారు తనిఖీకి వచ్చారు. కాంట్రాక్టర్ ముందే అందుకున్నాడు. "మేస్త్రికి చూపు ఆనుతలేదు సార్. పూత సమంగ పడలే. హైదరాబాద్ నుంచి వేరే మనిషిని పిలిపిస్త. మొత్తం నల్లరంగు కొట్టిస్తే కలిసిపోతది." ఈఈ గారు తలూపి, మేస్త్రిని సాయంత్రం బస్సుకు పంపించెయ్యమన్నారు.

ఖమ్మంలో పాలిష్ పనివాళ్ళ లోకం చిన్నది. యాకూబ్‌కు చూపు పోయిందన్న మాట ఒక్క కాంట్రాక్టరు నోట పడితే చాలు, ఇక ఆయన్ను పనికి పిలిచేవాళ్ళుండరు. ఆ సంగతి మందిరంలో ఉన్న అందరికీ తెలుసు.

"నా చెయ్యి తప్పు కాదు సార్," అన్నాడు మేస్త్రి. "ఇది వెలుతురు పట్టిన రంగు. కొత్త టేకుకు వెలుతురు తగిలితే గిట్ల బంగారమైతది. కప్పున్న కాడ పచ్చిగనే ఉంటది." పలకలను అలా ఎవరు పెట్టించారో మాత్రం చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు.

వెలుతురు పట్టిన రంగు అనగానే నాకు నా పాత ఆదేశం ఒకటి గుర్తొచ్చింది. సైటులో ఆర్డర్ బుక్ అని ఒకటి ఉంటుంది. ఇంజనీరు ఇచ్చే ప్రతి ఆదేశమూ తేదీతో, సంతకంతో అందులో రాయాలి. పక్క గదిలోకి వెళ్ళి పేజీలు తిప్పాను. జూన్‌లో నేను రాసిందే. మందిరంలో గచ్చు పని ఉన్నందున పలకలను వరండాలోకి మార్చి, నంబర్లు కనిపించేలా ఒకదాని మీద ఒకటి, జానెడు అంచు వదిలి పేర్చవలెను. లెక్కపెట్టడానికి సులువని నా ఆలోచన. ఆ ఏర్పాటు చూసుకుని మురిసిపోయాను కూడా. మూడు వారాల పాటు ఆ జానెడు అంచులకే వెలుతురు తగిలింది.

నిజం చెప్పాలంటే వెంటనే నోరు తెరవలేదు. పుస్తకం మూసి గ్లాసెడు నీళ్ళు తాగాను. ప్రమోషన్ల జాబితా ఆ నెలలోనే రావాల్సి ఉంది. కిటికీలోంచి చూస్తే మేస్త్రి తన బ్రష్షులను పాతగుడ్డలో చుట్టుకుంటున్నాడు. నా మీద నాకే సిగ్గేసింది. పుస్తకం తెచ్చి ఈఈ గారి ముందు తెరిచి, పేర్పించింది నేనేనని చెప్పాను.

ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివి, ఇదే మాట రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. ఇస్తానన్నాను. కానీ నల్లరంగు వద్దు, మేస్త్రి ఉండాలి, నాకు ఆరు రోజులు కావాలి అన్నాను. వానాకాలంలో వెలుతురెక్కడ తెస్తారని అడిగారు. ఉన్నంత వాడుకుంటామన్నాను. ఆరు రోజుల్లో రంగు కలవకపోతే కాంట్రాక్టర్ చెప్పినట్టే జరుగుతుందని తేల్చి జీపెక్కారు.

ఆరు రోజుల లెక్కా ఉపాయమూ మేస్త్రివే, పుస్తకం తెస్తూ ఆయన్నడిగాను. బంగారు పట్టీ మీద పాత పేపర్లు కప్పి, పచ్చిగా ఉన్న భాగాన్ని వెలుతురుకు పెట్టాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ తగిలితే పలక వంగుతుంది, చినుకు పడితే మచ్చ. పొద్దున, సాయంత్రం మాత్రమే పెట్టాలి. వరండా నీడలో మూడు వారాలకు పట్టిన రంగు ఆరుబయట ఆరు రోజుల్లో పడుతుందన్నాడు. పూత పడ్డ రెండు పలకలనూ పొర అరిగిపోకుండా ఒక రోజంతా చేత్తోనే రుద్ది శుభ్రం చేశాడు.

వాన సంగతే మాకు అందలేదు. మొదటి సాయంత్రమే జల్లు కొట్టి మూడు పలకల మీద చుక్కలు పడ్డాయి. సిమెంటు మోసే కూలీల్లో ముత్తమ్మ అనే కోయ ఆవిడ ఉండేది. మా ఉరుకులు చూసి నవ్వింది. "గట్ల ఒక్కొక్కటి పట్టుకొని ఉరికితే అయితదా మేడం? ఇప్పపువ్వు ఆరబోసుకునేటోళ్ళం. మమ్ముల అడగొద్దా?"

అడగలేదు, నిజమే. మర్నాటి నుంచి ఆ పని ఆమెకే అప్పగించాను. గూడెం నుంచి ఇంకొందరు ఆడవాళ్ళను పిలుచుకొచ్చి జతలు కట్టింది. జతకు నాలుగు పలకలు. తలుపుకు దూరంగా ఉన్నవి ముందు ఎత్తాలి, దగ్గరివి చివర. తాను గోదావరి అవతలి గట్ల మీద మబ్బు చూస్తూ నిలబడేది. గాలి చల్లబడగానే వాళ్ళ భాషలో ఒక్క కేక పెట్టేది. నాలుగో రోజు సాయంత్రం, ఎండ ఇంకా ఫెళఫెళలాడుతుండగానే కేక పెట్టింది. "ఎండ కొడుతుంటే ఎత్తుడేంది?" అని కాంట్రాక్టర్ ఎగతాళి చేశాడు. సగం పలకలు లోపలికి చేరేసరికి వాన అడవి దాటి వచ్చేసింది. చివరి పలక ఒక కొస కాంట్రాక్టరే పట్టుకుని లోపలికి పరుగెత్తాడు.

ఆరో రోజు పొద్దున మేస్త్రి తడిగుడ్డతో ఒక్కో పలకా తుడిచి, ఏటవాలుగా వంచి చూశాడు. ముప్పై తొమ్మిది కలిశాయి. ఒకదానిలో సన్నని నీడ మిగిలితే ఆ అంచు కోసేసి తలుపు పైన చిన్న ముక్కగా వాడాడు. తర్వాత వాన తెరిపిచ్చిన రోజుల్లో అయిదు పూతలు, మధ్యమధ్యలో నీళ్ళలో తడిపిన సన్న గరుకు కాగితంతో రుద్దడం. ప్రారంభోత్సవం నాడు ఈఈ గారు గోడ మీద అరచెయ్యి ఆనించి, ఎన్ని పూతలని యాకూబ్‌నే అడిగారు. కాంట్రాక్టర్ పెనుబల్లిలో తన తర్వాతి పనికి మళ్ళీ ఆయన్నే తీసుకెళ్ళాడు.

నాకు ఆ ఏడు ప్రమోషన్ రాలేదు, మెమో వచ్చింది. బాధపడ్డాను, అబద్ధం ఎందుకు. కానీ లెక్క మాత్రం స్పష్టంగా అర్థమైంది. అదే తప్పు నా పేరున పడితే ఒక కాగితం, మేస్త్రి పేరున పడితే ఆయన బతుకుతెరువు. అప్పటి నుంచి సైటులో ఏది చెడినా ముందు ఆర్డర్ బుక్‌లో నా చేతిరాత వెతుక్కునేదాన్ని. మెమోకు సంజాయిషీ మూడు పేజీలు రాయండి మేడం, వానాకాలం మీదికి తోసేయొచ్చు అని మా గుమాస్తా సలహా ఇచ్చాడు. నేను ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను: పలకలు పేర్పించింది నేను, మేస్త్రి కాదు.