గోవాకు రెండు కోడ్‌లు

2023 వేసవి. జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాలో నాది చిన్న టికెట్ల షాపు. మా నాన్న టాటానగర్ స్టేషన్‌లో బుకింగ్ క్లర్కుగా చేశారు. అన్నం తింటూ స్టేషన్ కోడ్‌లు అప్పజెప్పిన ఇల్లు మాది. విమానాశ్రయాలకూ అలాగే మూడేసి అక్షరాల కోడ్‌లుంటాయి. రాంచీకి IXR, కోల్‌కతాకి CCU. వీటిలో నాకు తెలియనిది లేదని మహా పొగరు.

బిర్సానగర్ నుంచి అప్పలరాజు అనే వెల్డరు వచ్చాడు. ఆదిత్యపూర్‌లో అతను పనిచేసే యూనిట్ మూతపడి నాలుగు నెలలైంది. గోవాలో ఒక షిప్‌యార్డ్ వాళ్లు ట్రేడ్ టెస్టుకు పిలిచారు. అంటే వాళ్ల ముందు వెల్డింగ్ చేసి చూపించాలి. నెగ్గితే రెండేళ్ల పని. ఒంటిగంటకు గేటు మూస్తారట. కోల్‌కతా నుంచి పదకొండింటికి అక్కడ దిగే విమానం ఒకటి కనబడితే టికెట్ కొట్టేశాను. గోవా పక్కన GOX అని ఉంది. పాత కోడ్ GOI అని నాకు తెలుసు.

"అన్నయ్యా, ఫోన్ల రెండు గోవాలు సూపిత్తంది. ఇదేటి?" అన్నాడు అప్పలరాజు.

"హైదరాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు రాగానే పాతది మూసేశారు. ఇదీ అంతే. నాకు కోడ్‌లు నేర్పుతావేటయ్యా?"

"మీకు తెలీందేటుంది లెండి" అని టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గోవాలో పాత ఎయిర్‌పోర్టు మూయలేదు. రెండూ నడుస్తున్నాయి. యార్డు పాతదాని పక్కనే ఉంది. నేను ఎక్కించింది ఉత్తరాన ఎక్కడో ఉన్న కొత్తదానికి. యార్డు ఏ మూలన ఉందో ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

అక్కడ దిగి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, యార్డు ఇక్కణ్ణించి అరవై కిలోమీటర్ల పైనేనంట. ఏటి సెయ్యమంటారు?"

"విమానం వాళ్లు మార్చేసుంటారు. టాక్సీ ఎక్కు" అన్నాను. నోరు తెరిస్తే అబద్ధం. GOX అని అచ్చేసిన కాగితం అతని చేతిలోనే ఉంది. పైగా నాలుగు నెలలుగా పనిలేని మనిషిని టాక్సీ ఎక్కమంటున్నాను. "సరే అన్నయ్యా" అన్నాడంతే. బస్సులు మారి చేరేసరికి రెండు దాటింది. గేటు తియ్యలేదు.

తిరిగొచ్చాక అతను షాపు వైపు రాలేదు. వారం తర్వాత అతని భార్య సత్యవతి వచ్చింది.

"ఏటీ అనుకోకండి అన్నయ్యా. మీరంత శ్రమపడి టికెట్ తీసిత్తే, ఈయన టెస్టులో సెయ్యి ఒణికి పోగొట్టుకున్నాడంట. ఇరవై ఏళ్ల వెల్డరు! మా తమ్ముళ్లు నవ్వుతన్నారు. మీరైనా కూకోబెట్టి సెప్పండి."

"చెప్తానమ్మా" అన్నాను.

సిగ్గుతో చచ్చిపోయానని రాయడం తేలిక. చావలేదు. ఆమె వెళ్లాక ఇంకో రెండు టికెట్లు కొట్టాను కూడా.

ఇప్పుడు ఎవరొచ్చినా, దిగాక ఏ చోటికి వెళ్లాలని ముందు అడుగుతాను. మ్యాపులో చూసి, కోడ్ మీద వేలు పెట్టి చూపిస్తాను. అలా నా పని నేను నేర్చుకున్నాను. చెయ్యి వణికిన వెల్డరన్న పేరు మాత్రం బిర్సానగర్‌లో ఇంకా అప్పలరాజుదే.