మామ్మ వాటా పుణ్యం

పాత పుస్తకాల బీరువా తెరిస్తే చీపురుపల్లి గ్రంథాలయం గుర్తొస్తుంది. 1960ల చివర్లో, నా చిన్నప్పుడు, కార్తీకమాసమంతా సాయంత్రాలు అక్కడ చదువురానివాళ్లకి పురాణం చదివి వినిపించేవారు. రోజూ వెళ్లే మా మామ్మ, ఓ ఏడాది ఆఖరి రోజున జ్వరంతో లేవలేకపోయింది.

"నెలంతా ఇన్నాను, ఫలం దక్కకుండా పోతాదేటో" అని ఏడ్చింది.

పుణ్యాన్నీ ప్రసాదంలాగే పంచుతారనుకుని, నేను గిన్నె పట్టుకుని గ్రంథాలయానికి పరిగెత్తాను.

"మామ్మకి జరం. దాని వాటా పున్నెం ఇందులో ఎయ్యండి."

"ఒసే, పున్నేనికి గిన్నేటే!" అని ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

పురాణం చదివే పంతులుగారు మాత్రం నవ్వలేదు. "గిన్నెలో పట్టదమ్మా, నేనే తెస్తాను" అన్నారు. అక్కడ ముగించి, పుస్తకంతో మా ఇంటికొచ్చి, మంచం పక్కన కూర్చుని ఆఖరి అధ్యాయమంతా మళ్లీ చదివారు. మామ్మ పడుకునే చేతులు జోడించింది.

భక్తుల ఇంటికి భగవంతుడే నడిచి వస్తాడని సత్సంగాల్లో విన్నప్పుడల్లా తలూపుతాను. ఆ సాయంత్రం ఆయన మా గడప దాటి లోపలికి రావడం నేను చూశాను.